చేరేదాకా చీపురు ముట్టదు

విమానం పంకాలు గిర్రున తిరగడం మొదలెట్టాయంటే చాలు, వరహాలు తన చీపురు తీసుకెళ్ళి కాంటీన్ వెనక గోడకి ఆనించేసేది. ఎయిర్‌పోర్టులో హాలు ఊడ్చే మనిషి జనం ఖాళీ అయ్యాక కదా చీపురు పట్టాలి? ఈవిడ సరిగ్గా అప్పుడే వదిలేసేది. కుర్చీల కింద వేరుశనగ తొక్కలు, చింపిన కాగితాలు, సాగనంపడానికి వచ్చినవాళ్ళ జడల్లోంచి రాలిన కనకాంబరాలు, అన్నీ ఎక్కడివక్కడే. తను మాత్రం వెళ్ళి అద్దాలు తుడిచేది, బాత్రూములు కడిగేది, బయట క్రోటన్ మొక్కలకి నీళ్ళు పోసేది. హైదరాబాదులో విమానం దిగిందని వైర్‌లెస్ గదిలోంచి కబురొస్తే గానీ హాల్లో చీపురు పడేది కాదు.

పిచ్చిదనుకున్నవాళ్ళున్నారు. పని దొంగ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ కాదు. ఊరికెళ్ళిన మనిషి చేరేదాకా ఆ మనిషి బయల్దేరిన ఇల్లు ఊడవకూడదని మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వరహాలు చేసిందల్లా ఆ పద్ధతిని ఇంట్లోంచి ఎయిర్‌పోర్టుకి తెచ్చుకోవడమే. ఎక్కణ్ణుంచి బయల్దేరితే అదే వాళ్ళ గడప కదా అని ఆవిడ వాదం. కాదనడానికి మీ దగ్గర ఏమన్నా జవాబుంటే సరే, నాకైతే తోచలేదు.

ఆవిడది పద్మనాభం అవతల చిన్న పల్లె. తల్లి ముందే పోయింది. తండ్రి జగ్గయ్య డెబ్భై ఒకటిలో అండమాన్లో కలప పని ఉందంటే విశాఖపట్నం రేవులో ఓడెక్కాడు. అప్పటికి వరహాలుకి ఇరవయ్యేళ్ళు, చెల్లెలు గౌరీశ్వరికి ఆరు. తండ్రి గడప దాటిన పూటే గౌరి అంబలి ముంత తన్నేసింది. ఇల్లంతా అంబలి, దాని మీద ఈగలు. వరహాలు ఏం ఆలోచించలేదు, చీపురు తీసి శుభ్రంగా ఊడ్చేసింది. నాయనమ్మ పోతమ్మ పొలం నుంచి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. తీరా ఓడ చేరింది, జగ్గయ్య దిగాడు, దిగిన మనిషిని కళ్ళారా చూసినవాళ్ళూ ఉన్నారు. ఆ తరవాతే మనిషి జాడ లేదు. అడవిలో జ్వరమొచ్చి పోయాడన్నారు కొందరు, అక్కడే ఇంకో ఇల్లు కట్టుకున్నాడన్నారు ఇంకొందరు. పోతమ్మ మాత్రం ప్రాణం ఉన్నన్నాళ్ళూ ఒకటే మాట: నీ చీపురే తోసేసిందే నా కొడుకుని. ఇరవయ్యేళ్ళ పిల్లతో అనవలసిన మాటేనా అది! కానీ అనేసింది. అది వరహాలు గుండెలో ముల్లులా దిగి, అక్కడే ఉండిపోయింది.

పోతమ్మ పోయాక చెల్లెల్ని వెంటబెట్టుకుని వరహాలు పట్నం వచ్చేసింది. కంచరపాలెంలో ఒంటిగది ఇల్లు. రైల్వే క్వార్టర్లలో నాలుగిళ్ళ పాచిపని. సంబంధాలు రాకపోలేదు. నలుగురైదుగురు వచ్చారు, మరి ఈ పిల్లని ఏం చేస్తావని అడిగారు, అడిగినవాణ్ణి అడిగినట్టే పంపించేసింది. చెల్లెలికి అక్కా తనే, అమ్మా తనే, కోపమొస్తే తన్నే అయ్యా తనే. ఇళ్ళల్లో పనిచేసినా, ఆ ఇంటివాళ్ళెవరైనా ఊరికి బయల్దేరితే ఆ పూట ఊడవనని ముందే చెప్పేసేది. ఆడవాళ్ళు సంతోషంగా ఒప్పుకునేవాళ్ళు.

ఎనభై ఒకటిలో నేవీవాళ్ళ రన్‌వే పక్కన ప్యాసింజర్ల విమానం మొదలైంది. రోజుకొక్కటే. వస్తుంది, దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, వెళ్ళిపోతుంది. అక్కడ ఊడ్చే పని కాంట్రాక్టరు ద్వారా వరహాలుకి దొరికింది. మొదటిరోజు విమానం లేచిపోగానే మేస్త్రీ ఊడవమన్నాడు. వరహాలుకి చేతులు రాలేదు. హాల్లోంచి ఇంతమంది ఒక్కసారిగా ఊరికెళ్ళిపోవడం ఆవిడ ఎప్పుడు చూసింది గనక? చంటిపిల్లల తల్లులు, కర్రపట్టుకున్న ముసలివాళ్ళు, స్టీలు ప్లాంటు కోసం వచ్చిన రష్యా దొరలు, వాళ్ళ భార్యలు. వాళ్ళ వెనక చీపురు పట్టడమా? కాంటీన్ నడిపే ఖాదర్‌ని వెళ్ళి అడిగింది, హైదరాబాదు చేరడానికి ఎంతసేపు పడుతుందని. పాతపోస్టాఫీసు వైపు మనిషి ఖాదర్, విమానం ఎక్కిన మొహం కాదు. గంటన్నర ఉంటుందిలే అక్కా, నా డేగిసా టీ రెండుసార్లు మరిగేంత అన్నాడు. అంతే, ఆ రోజు నుంచీ అదే లెక్క. వైర్‌లెస్ గదిలో శ్రీరామ్మూర్తిగారు దయగల మనిషి. విమానం దిగినట్టు తెలియగానే కిటికీలోంచి తల బయటపెట్టి, దిగింది వరహాలూ అని కేకేసేవారు. అప్పుడు కొంగు నడుముకి దోపి, కాంటీన్ వెనకనుంచి చీపురు తెచ్చేది. ఆరేళ్ళు అలాగే నడిచింది. ఎవరికీ నష్టం రాలేదు.

ఆ ఆరేళ్ళలో గౌరి పదో తరగతి పాసయింది, పెద్దాసుపత్రిలో నర్సు చదువు చదివింది, తెల్ల చీర కట్టుకుని డ్యూటీకి పోయేది. ఎనభై ఏడులో ఓరోజు ఆసుపత్రి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, కువైట్లో ఆసుపత్రివాళ్ళు తనని తీసుకున్నారని చెప్పింది. వరహాలు ఏడవలేదు, నవ్వనూ లేదు. ఎలా వెళ్ళాలని అడిగింది. మీ ఎయిర్‌పోర్టు నుంచే అప్పా, ముందు హైదరాబాదు, అక్కడ విమానం మారి బొంబాయి, అక్కడ ఇంకోటి మారి కువైట్ అంది గౌరి. చిన్నప్పట్నుంచీ అక్కని అప్పా అనే పిలుస్తుంది.

“ఐదరాబాదులో దిగితే సేరిపోయినట్టు కాదేటి?” అంది వరహాలు.

గౌరి పకపకా నవ్వింది. ఇక్కడ ఎక్కేవాళ్ళలో సగం మంది హైదరాబాదులో ఆగరనీ, ఢిల్లీ అనీ బొంబాయి అనీ, అక్కణ్ణుంచి రష్యా, దుబాయ్, ఎక్కడెక్కడికో పోతారనీ చెప్పింది. పిల్ల ఆ మాట తేలిగ్గానే అంది. విన్న మనిషి లెక్కలు వేసుకుంది. అంటే ఏమిటి? ఆరేళ్ళుగా, హైదరాబాదులో దిగారని కబురు రాగానే తను నిశ్చింతగా ఊడ్చేసిందే, అప్పటికి వాళ్ళు సగం దారిలో కూడా లేరన్నమాట. చంటిదాన్ని ఎత్తుకుని తనకేసి చెయ్యూపిన ఆ రష్యావిడ, పసుపు బట్టలతో వెళ్ళిన ఆ కొత్త పెళ్ళికూతురు, గుండె ఆపరేషనుకి వెళ్ళిన ఆ పెద్దాయన. అందరి వెనకా చీపురు పట్టేసింది.

మర్నాడు శ్రీరామ్మూర్తిగారి గది ముందు నిలబడి, వాళ్ళంతా చేరారా బాబూ అని అడిగింది. ఎవరని అడిగారాయన. అందరూ అంది. ఆయనకి సంగతి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. పాపం నవ్వలేదు. ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళకి ఏ ప్రమాదం జరిగినా తమకి తెలిసేదే, ఏమీ జరగలేదు, అంతా క్షేమం అని చెప్పారు. పెద్ద చదువు చదివినవాళ్ళెవరైనా అయితే, చూశావా, నీ చీపురుకీ విమానానికీ సంబంధం లేదని అక్కడితో తేల్చేద్దురు. వరహాలు రోజంతా ఆలోచించి, సాయంత్రానికి ఒక సమాధానం కనిపెట్టుకుంది. ఖాదర్‌కి టీ గ్లాసులు కడిగిపెడుతూ చెప్పింది: వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఎవరో ఒకరు చీపురు ముట్టకుండా కాచుకునే ఉంటారు, అందుకే చేరారు. ఖాదర్ అవునక్కా అన్నాడు. కానీ ఆ వెంటనే వరహాలు చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. మరి గౌరికి ఎవరున్నారు? ఇంట్లోనూ తనదే చీపురు, హాల్లోనూ తనదే.

అప్పుడు వెళ్ళి శ్రీరామ్మూర్తిగారినే అడిగింది, కువైట్ ఎంత దూరం, ఎంతసేపు అని. ఆయన గోడ మీది మ్యాపు దగ్గర నిలబెట్టి వేలితో చూపించారు. ఇక్కణ్ణుంచి హైదరాబాదు ఐదొందల కిలోమీటర్లు. అక్కణ్ణుంచి బొంబాయి ఆరొందల చిల్లర. బొంబాయి దాటితే ఇక నేలే లేదు, సముద్రం మీదుగా దగ్గర దగ్గర రెండువేల ఎనిమిదొందలు. గాల్లో ఉండేది ఏడు గంటలే, మిగతాదంతా హైదరాబాదులోనూ బొంబాయిలోనూ విమానం కోసం కూర్చోవడమే. ఇక్కడ మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున్నకి అక్కడ దిగుతుంది. కూకున్నా దారిలో ఉన్నట్టే కదా బాబూ అంది వరహాలు. అంతే మరి అన్నారాయన. ఇంకో సంగతి కూడా చెప్పారు. మన గడియారం కంటే వాళ్ళ గడియారం రెండున్నర గంటలు వెనకట. మనకి పొద్దెక్కేసరికి వాళ్ళకి అప్పుడే తెల్లారుతుందిట. ఇది వరహాలుకి కొత్త బెంగ.

“మరి ఏ గడియారం పెకారం సేరినట్టు బాబూ?”

“గడియారంతో పనిలేదు వరహాలూ. మీ చెల్లెలు కాలు నేల మీద పెడితే చేరినట్టు. బొంబాయిలో నా స్నేహితుడున్నాడు, కనుక్కుని నీకు చెప్తాగా.”

ఈ మధ్యలో ఒక చిక్కొచ్చిపడింది. పాత మేనేజరు బదిలీ అయ్యి భీమశంకరరావుగారు వచ్చారు. మంచివాడే గానీ ముక్కు మీద కోపం, దుమ్మంటే మరీ మంట. వేలితో కిటికీ ఊచలు రాసి చూసే రకం. విమానం వెళ్ళిన మరుక్షణం హాలు ఊడవాలని వచ్చిన వారంలోనే హుకుం వేశాడు. వరహాలు వినలేదు. ఇద్దరికీ రోజూ పేచీయే. అయినా ఆవిడ పని నచ్చి, కాంట్రాక్టు నుంచి పర్మనెంటు చెయ్యమని పైకి రాయడానికి ఒప్పుకున్నాడు. ఆ రాసిన కాగితం మీద సంతకం పెట్టవలసిన ఢిల్లీ ఆఫీసరు తనిఖీకి ఏరోజు వస్తున్నాడు? గౌరి వెళ్ళేరోజు. ఏ విమానంలో? గౌరి ఎక్కవలసిన విమానంలోనే. ఆయన దిగి, గెస్టుహౌసుకి పోయి భోంచేసి, మూడింటికి వచ్చి అంతా చూస్తాడు. ఆలోగా హాలు అద్దంలా ఉండాలి. భీమశంకరరావు ముందురోజే వరహాలుని పిలిచి, రేపు నీ చాదస్తం పెట్టుకుంటే ఉన్న పని కూడా ఉండదని గట్టిగానే చెప్పాడు. చెల్లెలు వెళ్తున్న సంగతి ఆయనకి తెలీదు. వరహాలు చెప్పనూ లేదు. బెంగ బయటపెడితే బెడిసికొడుతుందని భయం.

ఆ రోజు వచ్చింది. ఖాదర్ భార్య నూరున్నీసా పాతపోస్టాఫీసు నుంచి బస్సెక్కి వచ్చి, పచ్చటి గుడ్డలో నాణెం కుట్టి గౌరి జబ్బకి కట్టింది. దారిలో దేవుడి కాపలా అంటారట వాళ్ళు. తెల్ల చీరలోనే బయల్దేరిన గౌరి నవ్వుతూనే కట్టించుకుంది. అక్క కాళ్ళకి దండం పెట్టి లేచేసరికి ఆ నవ్వు కాస్తా ఎటో పోయింది. ఎల్లొత్తానప్పా అంది. జాగర్తమ్మా, ముద్ద ముద్దకీ నన్ను తలుసుకోకు, పొలమారుతుంది అంది వరహాలు. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వేశారు. విమానం లేచి, యారాడ కొండ వైపు తిరిగి, మబ్బులో కలిసిపోయింది. వరహాలు వెళ్ళి చీపురు కాంటీన్ వెనక పెట్టేసి వచ్చి హాలు గుమ్మంలో కూర్చుంది.

భీమశంకరరావు బయటికొచ్చి చూశాడు. హాలంతా తొక్కలు, పూలు, కాగితాలు. ఢిల్లీ ఆఫీసరు రావడానికి ఎంతో వ్యవధి లేదు. మాటలు అనవసరమనుకున్నాడేమో, తోటమాలి గురువుల్ని పిలిచి ఊడవమన్నాడు. గురువులు కాంటీన్ వెనకనుంచి చీపురు పట్టుకుని రాగానే వరహాలు లేచి ఆ చీపురు రెండో కొస పట్టేసుకుంది. గురువులుకి ఏం చెయ్యాలో తోచలేదు. గుంజితే ఆడమనిషి పడుతుంది, వదిలితే మేనేజరు తిడతాడు. అలా ఇద్దరూ చెరో కొసా పట్టుకుని హాలు మధ్యలో నిలబడిపోయారు.

“వదులు వరహాలూ. నీ ఉద్యోగం నువ్వే పోగొట్టుకుంటున్నావు,” అన్నాడు భీమశంకరరావు.

“పోతే పోనీయండి బాబూ. నన్ను తీసెయ్యండి, రేపట్నుంచి రానంటే రాను. ఈ ఒక్క పూటా ఎవుల సేతా ఊడ్పించకండి. నా సెల్లి ఉందా ఇమానంలో. కువైటు ఎల్తంది. దాని ఎనక ఊడవకుండా కాసుకోడానికి నాను తప్ప ఈ పెపంచకంలో ఎవుళూ నేరు.”

భీమశంకరరావు మొహంలో కోపం ఉన్నపళంగా పోలేదు, అబద్ధం ఎందుకు, మెల్లిమెల్లిగా పోయింది. ఆ తెల్ల చీర అమ్మాయేనా అన్నాడు. అవునంది. ఎప్పటికి చేరుతుందన్నాడు. శ్రీరామ్మూర్తిగారు చెప్పిందంతా అప్పగించింది వరహాలు, హైదరాబాదు, బొంబాయి, సముద్రం, రేపు పొద్దున్న. ఆయన గోడ గడియారం చూశాడు, నేల చూశాడు, గురువులుతో ఆ చీపురు అక్కడ పెట్టెయ్యమన్నాడు. మరి ఆఫీసరుకి ఏం చెప్పాలయ్యా అని తనలో తను విసుక్కుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు వరహాలు మోకాళ్ళ మీద కూర్చుంది. చీపురు ముట్టకూడదన్నారు గానీ ఏరకూడదని ఏ నాయనమ్మా అన్లేదు. కొంగు ఒళ్ళో సంచీలా పట్టుకుని ఒక్కొక్క తొక్కా, ఒక్కొక్క కాగితం ముక్కా ఏరడం మొదలెట్టింది. పెద్ద హాలు. ఒక మూల పూర్తి కాకముందే ఖాదర్ కాంటీన్ వదిలి వచ్చి రెండో మూల కూర్చున్నాడు. నూరున్నీసా బురఖా ఎగ్గట్టి కుర్చీల కిందికి దూరింది. గురువులు కూడా చేరాడు. నలుగురూ కలిసి ఏరారు. ఏరాక వరహాలు తడిగుడ్డతో గడప వదిలేసి మిగతాదంతా తుడిచింది. ఆ ఆఫీసరు వచ్చి, పైకప్పులో కారుతున్న చోటు చూసి అరగంట మాట్లాడి, నేలకేసి చూడకుండానే వెళ్ళిపోయాడు. దీనికా ఇంత రామాయణం! పర్మనెంటు సంగతి అడుగుతారేమో, అది ఏడాది తిరిగాక వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వరహాలు వచ్చేసింది. ఇంట్లోనూ ఊడవలేదు, తలకి పోసుకోలేదు, కళ్ళు చూస్తే నిద్రపోయినట్టూ లేదు. గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే శ్రీరామ్మూర్తిగారి కిటికీ తెరుచుకోలేదు గానీ, భీమశంకరరావే స్వయంగా నడుచుకుంటూ వచ్చాడు. బొంబాయి నుంచి ఇప్పుడే తెలిసిందన్నాడు. విమానం కువైట్లో దిగింది, అందరూ క్షేమం. ఇంక ఊడ్చుకో వరహాలూ అన్నాడు.

వరహాలు రెండు చేతులూ జోడించింది. పదహారేళ్ళుగా గుండెల్లో ఉన్న బరువు దిగినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. వెళ్ళి చీపురు తెచ్చుకుంది. కొంగు దోపుకుంది. ఒంగింది. ఒంగిన మనిషి ఊడవకుండా అలాగే ఉండిపోయింది. భీమశంకరరావుకి ఏమైందో తెలియక దగ్గరికొచ్చాడు. చూస్తే కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ముందురోజు విమానం లేచినప్పుడు కూడా ఏడవని మనిషి. క్షేమంగా చేరిందన్నాను కదమ్మా, ఇంకా ఎందుకు ఏడుపు అన్నాడు.

“రాత్రంతా దారిలో ఉందనుకున్నాను బాబూ. దారిలో ఉన్నంతసేపూ నా కాడే ఉన్నట్టుండేది. ఇప్పుడు సేరిపోయింది. ఇంక ఇక్కడ నేదు కదా.” కొంగుతో మొహం తుడుచుకుని, సిగ్గుపడుతూ అడిగింది. “ఊడవడానికి ఇంకొంచెం సేపాగుదునా?”

దుమ్మంటే పడని మనిషి ఒకసారి గడియారం చూశాడు. విమానం వచ్చేదాకా టైముంది, అప్పటిదాకా ఆగమన్నాడు. కిటికీ పక్కన ప్యాసింజర్ల కుర్చీ ఒకటి లాగి, కూర్చోమన్నాడు. ఆరేళ్ళుగా ఆ కుర్చీల కింద ఊడ్చిందే గానీ వాటిల్లో ఎన్నడూ కూర్చోని వరహాలు, చీపురు ఒళ్ళో పెట్టుకుని విమానం వచ్చేదాకా అందులోనే కూర్చుంది.